విద్యుత్ క్షేత్రం నిజంగా ఉన్నదా, లెక్క కోసం పెట్టుకున్నదా?

జిజ్ఞాసువు

విద్యుదావేశాల పాఠం మొదట్లోనే కూలుంబ్ నియమం వస్తుంది. రెండు ఆవేశాల మధ్య బలం ఆ ఆవేశాల లబ్ధానికి అనులోమానుపాతంలోను, వాటి మధ్య దూరపు వర్గానికి విలోమానుపాతంలోను ఉంటుందని అది చెబుతుంది. అంతవరకు నాకు ఏ ఇబ్బందీ లేదు. ఆ వెంటనే విద్యుత్ క్షేత్రం అనే మరో రాశిని తెచ్చిపెడతారు. ఒక బిందువు వద్ద ఉంచిన ఆవేశం మీద పనిచేసే బలాన్ని ఆ ఆవేశంతో భాగిస్తే క్షేత్రం వస్తుందని, ఆ క్షేత్రాన్ని ఆవేశంతో గుణిస్తే బలం వస్తుందని అంటారు. ముందు భాగించి, తరువాత గుణించి, బయలుదేరిన చోటికే వచ్చినప్పుడు మనకు కొత్తగా తెలిసిందేమిటి?

నా రెండో అభ్యంతరం నిర్వచనం గురించి. క్షేత్రాన్ని కొలవడానికి ఆ బిందువు వద్ద ఉంచే ఆవేశం, అంటే పరీక్షా ఆవేశం, సున్నాను సమీపించేంత చిన్నదిగా ఉండాలని పుస్తకం అంటుంది. అదే పుస్తకం కొన్ని పుటల వెనుక, విడిగా దొరికే ఆవేశం ఏదైనా 1.602 × 10⁻¹⁹ కూలుంబ్‌లకు పూర్ణ గుణిజంగానే ఉంటుందని చెప్పింది. అంతకంటె చిన్నది దొరకనే దొరకనప్పుడు సున్నాను ఎలా సమీపిస్తాము?

పాతనోట్సు

మొదటి ప్రశ్నకు నా సమాధానం సూటిగా చెబుతాను. క్షేత్రం లెక్కను సులువు చేసే ఏర్పాటు, అంతకు మించి ఏమీ కాదు. యాభై ఆవేశాలు యాభై చోట్ల స్థిరంగా ఉన్నాయని అనుకోండి. వాటి మధ్య కొత్త ఆవేశాన్ని ఉంచిన ప్రతిసారీ యాభై బలాలను సదిశలుగా, అంటే వాటి దిశలతో సహా, కూడవలసి వస్తుంది. ఆ కూడిక ఒక్కసారి చేసి, ప్రతి బిందువు వద్ద ఒక కూలుంబ్‌కు ఎంత బలం పడుతుందో రాసిపెట్టుకుంటే, తరువాత ఏ ఆవేశాన్ని తెచ్చినా ఒక్క గుణకారంతో పని ముగుస్తుంది. గదిలో ఒక్కొక్క చోట ఉష్ణోగ్రత ఎంతో పట్టికగా రాసుకున్నట్టే ఇదీ ఒక పట్టిక. అందులో ఇంకేదో నిగూఢమైన వస్తువు దాగి ఉన్నదని విద్యార్థికి చెప్పడం వల్ల అయోమయం పెరుగుతుందని నా అభిప్రాయం.

శూన్యస్థలం

పాతనోట్సు గారి ఉష్ణోగ్రత పోలికే వారి వాదానికి అడ్డు వస్తుంది. ఉష్ణోగ్రత గాలికి ఉన్న గుణం. గాలిని తీసివేస్తే ఆ పట్టికకు అర్థం ఉండదు. విద్యుత్ క్షేత్రమో, గాలి మొత్తాన్ని తోడివేసిన పాత్రలో కూడా ఉంటుంది. కాబట్టి అది దేని గుణమో ముందు తేల్చుకోవాలి.

అసలు విషయం ఆలస్యంలో ఉన్నది. ఒక ఆవేశం ఇక్కడ, మరొకటి 3 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్నాయని అనుకుందాం. ఇక్కడి ఆవేశాన్ని హఠాత్తుగా కదిలిస్తే, అక్కడి ఆవేశానికి ఆ సంగతి సుమారు ఒక సెకను తరువాత గాని తెలియదు. ఆ సెకను పొడవునా అక్కడి ఆవేశం మీద పనిచేసే బలం, మన ఆవేశం ఇప్పుడు ఉన్న చోటిని బట్టి కాక, అది అంతకుముందు ఉన్న చోటిని బట్టి ఉంటుంది. కూలుంబ్ నియమంలో కాలానికి చోటే లేదు. అది రెండు ఆవేశాల ప్రస్తుత స్థానాలను అడిగి, వెంటనే జవాబు చెబుతుంది. అందుచేత కదలిక మొదలైన మరుక్షణం నుంచి దాని జవాబు తప్పుతుంది.

ఆ ఒక్క సెకనులో మార్పు అనేది దారిలో ఎక్కడో ఉండాలి కదా. దారిలో ఉన్న దానినే క్షేత్రం అంటున్నాము. ఫారడే తన బలరేఖలు, అంటే ప్రతి చోటా బలం దిశను చూపుతూ గీసే రేఖలు, ఖాళీ స్థలంలో నిజంగానే ఏదో ఒక స్థితిని సూచిస్తాయని పట్టుపట్టాడు. మాక్స్‌వెల్ 1865లో ప్రచురించిన సిద్ధాంతంలో ఈ మార్పు కాంతి వేగంతో ప్రయాణించాలని లెక్క తేల్చాడు. 1880ల చివరి సంవత్సరాల్లో హెర్ట్జ్ ఆ తరంగాలను ఒక చోట పుట్టించి, మరొక చోట పట్టుకొని చూపించాడు. వట్టి పట్టిక తరంగాలుగా కదలదు.

కరెంటు_ఇంజినీరు

ఆవేశాలు కదలకుండా ఉన్నంతవరకు పాతనోట్సు గారి మాటతో నడుస్తుంది, కదిలిన తరువాత శూన్యస్థలం గారి మాట తప్పనిసరి అవుతుంది. చిక్కు ఏమిటంటే, జిజ్ఞాసువు గారు చదువుతున్నది కదలని ఆవేశాల అధ్యాయం.

జిజ్ఞాసువు

నా ఇబ్బంది సరిగ్గా అదే. తరంగాల సంగతి ఎంతో ముందున్న అధ్యాయాల్లో వస్తుంది. ఈ అధ్యాయంలోనే, అన్నీ నిశ్చలంగా ఉండగానే, క్షేత్రం లేకపోతే చెప్పలేని విషయం ఒక్కటైనా ఉన్నదా? పరీక్షా ఆవేశం సంగతి కూడా ఎవరూ ముట్టుకోలేదు.

ప్రయోగశాల_మూల

పరీక్షా ఆవేశం గురించి నేను చెబుతాను. అది చిన్నదిగా ఉండాలనడానికి కారణాన్ని చాలా పుస్తకాలు ఒక్క వాక్యంలో దాటేస్తాయి. కారణం ఇది: మనం కొలవదలచినది, పరీక్షా ఆవేశం రాకముందు అక్కడ ఉన్న పరిస్థితిని. క్షేత్రాన్ని కలిగిస్తున్న ఆవేశాలు తమ చోట్ల గట్టిగా బిగించి ఉంటే, పరీక్షా ఆవేశం ఎంత పెద్దదైనా ఫర్వాలేదు. బలాన్ని భాగిస్తే ఎప్పుడూ ఒకే విలువ వస్తుంది. అవి ఒక లోహపు గోళం మీద ఉంటే మాత్రం, లోహంలో ఆవేశాలు స్వేచ్ఛగా కదులుతాయి కాబట్టి, మనం తెచ్చిన ఆవేశాన్ని చూసి అవి సర్దుకుంటాయి. అప్పుడు కొలిచేది పాత క్షేత్రం కాదు, మన రాకతో మారిపోయిన క్షేత్రం.

ఇక ‘ఎంత చిన్నది’ అన్న ప్రశ్న. లోహపు గోళం మీద ఒక మైక్రోకూలుంబ్ ఆవేశం ఉన్నదంటే, అక్కడ సుమారు 6.24 × 10¹² ఎలక్ట్రాన్ల కొరత గాని, అదనం గాని ఉన్నట్టు. అంతటి దాని ముందు ఒక్క ఎలక్ట్రాన్ కలిగించే సర్దుబాటును ఏ పరికరమూ గుర్తించలేదు. అందువల్ల నిర్వచనానికి గణితంలోని అక్షరాలా సున్నా అవసరం లేదు. గోళం మీది అమరికను గుర్తించదగినంత కదిలించని ఆవేశం చాలు.

ప్రయోగం చేసేవారికి మరో దారి కూడా ఉన్నది. వేర్వేరు పరిమాణాల పరీక్షా ఆవేశాలతో బలాన్ని కొలిచి, ప్రతిసారీ బలానికీ ఆవేశానికీ గల నిష్పత్తిని గ్రాఫు మీద గుర్తించాలి. ఆవేశం తగ్గేకొద్దీ ఆ నిష్పత్తి ఏ విలువ వైపు సాగుతున్నదో గ్రాఫు రేఖను పొడిగించి చదువుకోవచ్చు. సున్నా వరకు ఎవరూ వెళ్ళనవసరం లేదు. పరమాణువు లోపలికి దిగినప్పుడు మాత్రం ఈ పద్ధతి చేతకాదు. అక్కడ క్షేత్రాన్ని పరీక్షా ఆవేశంతో కొలిచి నిర్వచించుకోము. క్షేత్ర సమీకరణాలనే పునాదిగా తీసుకుంటాము.

తరగతి_గది

నిశ్చల ఆవేశాల్లోనే క్షేత్రం లేకుండా చెప్పలేని విషయం కావాలని జిజ్ఞాసువు గారు అడిగారు. నా తరగతిలో ప్రతి ఏడూ పిల్లలు అడిగే ప్రశ్నే అందుకు చక్కని ఉదాహరణ. రుద్దిన ప్లాస్టిక్ కడ్డీ చిన్న చిన్న కాగితపు ముక్కలను ఎందుకు లాగుతుంది? కాగితానికి ఆవేశం లేదు. కూలుంబ్ నియమంలో ఒక ఆవేశం స్థానంలో సున్నా వేస్తే బలం సున్నా అని వస్తుంది. కళ్ళ ముందేమో కాగితం ఎగిరి వచ్చి అతుక్కుంటుంది.

కాగితంలోని ప్రతి అణువులోనూ ధనావేశమూ, రుణావేశమూ సమానంగా ఉంటాయి. కడ్డీ దగ్గరకు రాగానే ఒక రకం కొద్దిగా కడ్డీ వైపుకు, రెండో రకం కొద్దిగా అవతలి వైపుకు జరుగుతాయి. దీనిని ధ్రువణం అంటారు. ఇప్పుడు దగ్గరి ఆవేశం మీద ఆకర్షణ, దూరపు ఆవేశం మీద వికర్షణ పనిచేస్తాయి. దగ్గర ఉన్న దాని మీద బలం కొంచెం ఎక్కువ కాబట్టి మిగిలేది ఆకర్షణే. కడ్డీ మీది ఆవేశం ధనమైనా, రుణమైనా ఫలితం ఇదే.

ఇక్కడ విద్యార్థులతో తప్పక అనిపించవలసిన మాట ఒకటి ఉన్నది. ఆ ముక్కకు రెండు వైపులా క్షేత్రం సమానంగా ఉంటే, ఎంత బలమైన క్షేత్రమైనా దానిని కదిలించలేదు, లాగే బలం తోసే బలాన్ని పూర్తిగా రద్దు చేస్తుంది. తటస్థ వస్తువు మీది బలం క్షేత్రం ఎంత ఉన్నదన్న దాని మీదే కాక, అది ఒక బిందువు నుంచి పక్క బిందువుకు ఎంత మారుతున్నదన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. ఈ వాక్యాన్ని క్షేత్రం ఊసెత్తకుండా చెప్పి చూడండి.

రేఖాగణితం

తరగతి_గది గారు చెప్పిన దానికి లెక్క కూడా తోడైతే ఇంకా బాగుంటుంది. బిందు ఆవేశం కలిగించే క్షేత్రం దూరపు వర్గం చొప్పున తగ్గుతుంది. చిన్న తటస్థ కణంలో ఏర్పడే ధ్రువణం ఆ క్షేత్రానికి అనులోమంగా ఉంటుంది కాబట్టి అదీ దూరపు వర్గం చొప్పునే తగ్గుతుంది. క్షేత్రం మారే రేటు దూరపు ఘనం చొప్పున తగ్గుతుంది. రెండింటినీ గుణిస్తే బలం దూరపు అయిదో ఘాతం చొప్పున పడిపోతుంది. దూరాన్ని రెట్టింపు చేస్తే రెండు ఆవేశాల మధ్య బలం నాలుగో వంతుకు తగ్గితే, ఆవేశానికీ తటస్థ కణానికీ మధ్య బలం 32వ వంతుకు తగ్గుతుంది. కడ్డీని ఒక హద్దు దాటి దగ్గరకు తెచ్చేవరకు ఏమీ జరగనట్టుండి, ఆపైన ముక్కలు ఒక్కసారిగా ఎగరడానికి కారణం ఇదే.

జిజ్ఞాసువు

నాకు కావలసిన ఉదాహరణ ఇదే. రెండు ఆవేశాల మధ్య బలం ఒక రకంగా, ఆవేశానికీ తటస్థ వస్తువుకూ మధ్య బలం మరో రకంగా తగ్గుతున్నా, రెండింటి వెనుకా ఉన్న క్షేత్రం ఒక్కటే అన్నమాట. మరి అతుక్కున్న ముక్కల్లో కొన్ని కాసేపటికి విసిరేసినట్టు దూరంగా ఎందుకు పడతాయి?

తరగతి_గది

తాకినప్పుడు కడ్డీ మీది ఆవేశంలో కొంత కాగితానికి చేరుతుంది. ఇద్దరి దగ్గరా ఒకే రకం ఆవేశం ఉన్నప్పుడు వికర్షణ తప్పదు. కాగితం పూర్తి బంధకం కాదు, అందులో ఉండే తేమ వల్ల ఆవేశం నెమ్మదిగా పాకుతుంది; అందుకే కొంత వ్యవధి పడుతుంది. అవే ముక్కలను పలుచని లోహపు రేకుతో చేస్తే తాకీ తాకగానే ఎగిరిపోతాయి. గాలిలో తేమ బాగా ఉన్న రోజున ఈ ప్రయోగం పెట్టుకోవద్దని తోటి ఉపాధ్యాయులకు నా విన్నపం, ఎందుకంటే కడ్డీ మీది ఆవేశం ముందే జారిపోయి, పిల్లలకు పాఠం మీదే నమ్మకం పోతుంది.

మౌనపాఠకురాలు

ఇన్నాళ్ళూ ఇక్కడ చదవడమే గాని రాయలేదు. ఒక సందేహం అడుగుతాను. ధనావేశాన్ని క్షేత్రంలో వదిలిపెడితే అది బలరేఖ వెంటనే ప్రయాణిస్తుందని చదివాను. బలరేఖ అంటే ఆవేశం నడిచే దారి అనుకోవచ్చునా?

రేఖాగణితం

అనుకోకూడదు. బలరేఖకు ఒక బిందువు వద్ద గీసిన స్పర్శరేఖ అక్కడి బలం దిశను చూపుతుంది. బలం వల్ల కలిగేది త్వరణం. వేగం ఏ దిశలో ఉన్నదన్నది కణం గత చరిత్రను బట్టి ఉంటుంది. నిశ్చల స్థితి నుంచి వదిలితే, బలరేఖ తిన్నగా ఉన్నప్పుడు మాత్రమే కణం దాని వెంట పోతుంది. రేఖ వంగితే, కణం తనకు అప్పటికే ఉన్న వేగం వల్ల వంపు బయటికి తప్పుకుంటుంది. ధనావేశం చుట్టూ వృత్తాకారంగా తిరిగే రుణావేశాన్ని ఊహించుకోండి. అక్కడి బలరేఖలన్నీ కేంద్రం నుంచి బయటికి పోయే వ్యాసార్థాలు. కణం మాత్రం ప్రతి క్షణమూ వాటికి లంబంగా కదులుతుంది.

బొమ్మల విషయంలో మరో జాగ్రత్త కూడా అవసరం. రేఖలు దట్టంగా ఉన్న చోట క్షేత్రం బలంగా ఉంటుందని నేర్పుతారు. అది మూడు పరిమాణాల్లో నిజం, ఎందుకంటే అక్కడ రేఖలు గోళం ఉపరితలం మీద పరుచుకుంటాయి, ఆ వైశాల్యం దూరపు వర్గం చొప్పున పెరుగుతుంది. అదే బొమ్మను కాగితం మీద గీస్తే రేఖలు వృత్తం చుట్టుకొలత మీద పరుచుకుంటాయి, వాటి సాంద్రత దూరం చొప్పున మాత్రమే తగ్గుతుంది. కాగితం మీది బొమ్మను స్కేలుతో కొలిచి విలోమ వర్గ నియమాన్ని రాబట్టాలని చూస్తే రాదు.

కరెంటు_ఇంజినీరు

రేఖాగణితం గారు చెప్పిన గోళం ఉపరితలమే గౌస్ నియమానికి గుండెకాయ. ఒక మూసిన ఉపరితలం గుండా బయటికి పోయే మొత్తం క్షేత్ర అభివాహం (దాని గుండా పోయే బలరేఖల మొత్తం అనుకోండి) లోపలి ఆవేశం మీదే ఆధారపడుతుంది, ఉపరితలం ఆకారం మీద కాదు. బలం దూరపు వర్గం చొప్పున కాక మరే విధంగా తగ్గినా ఈ నియమం కుప్పకూలుతుంది. లోహపు పెట్టె బయటి క్షేత్రాన్ని ఆపగలగడానికీ మూలం ఇదే. అందువల్ల ఏదైనా పరికరాన్ని లోహపు పెట్టెలో పెడితే ఇక లోపలికి గాని, బయటికి గాని క్షేత్రం పోదు.

ప్రయోగశాల_మూల

చివరి వాక్యంలో సగం మాత్రమే నిజం. బయటి నిశ్చల క్షేత్రం లోపలికి రాదన్నది సరే. లోపలి ఆవేశం బయటికి కనిపించదన్నది మాత్రం పెట్టెను భూమికి కలిపినప్పుడే నిజమవుతుంది. ఫారడే 1843లో లోహపు బకెట్టుతో చేసిన ప్రయోగం దీనినే చూపుతుంది. భూమికి కలపని బకెట్టు లోపలికి, గోడలకు తగలకుండా, ఒక ఆవేశపు గోళాన్ని దించితే బకెట్టు బయటి గోడకు కలిపిన విద్యుద్దర్శిని (ఆవేశం ఉన్నదని చూపే పరికరం) రేకులు విచ్చుకుంటాయి. లోపలి ఆవేశం ఎంతో, బయటి గోడ మీద ప్రేరణ వల్ల కనిపించే ఆవేశం అంతే. గోళాన్ని లోపల ఎటు జరిపినా రేకుల విచ్చుకోలు మారదు. గోళం లోపలి గోడను తాకినా మారదు, తాకిన తరువాత గోళం మీద మాత్రం ఏమీ మిగలదు. ఆవేశం పుట్టదు, నశించదు, చోటు మారుతుందంతే అనే నిత్యత్వాన్ని ఇంతకంటె శుభ్రంగా చూపే ప్రయోగాన్ని నేను ఎరుగను.

విలోమ వర్గం కాకపోతే కుప్పకూలుతుందన్న మాట మాత్రం పూర్తిగా నిజం, దానికి గొప్ప చరిత్ర ఉన్నది. ఆవేశపూరితమైన లోహపాత్ర లోపల బలం కనిపించకపోవడాన్ని బట్టి, ఈ బలం కూడా గురుత్వాకర్షణ లాగానే దూరపు వర్గం చొప్పున తగ్గాలని ప్రీస్ట్లీ 1767లోనే ఊహించాడు. కావెండిష్ 1770ల తొలి సంవత్సరాల్లో ఒక గోళాన్ని రెండు అర్ధగోళాల మధ్య మూసి, బయటి దానికి ఆవేశమిచ్చి, రెండింటినీ క్షణంసేపు తీగతో కలిపి, ఆపైన లోపలి గోళాన్ని పరీక్షించాడు. దాని మీద గుర్తించదగిన ఆవేశమేమీ లేదు. దాని నుంచి, దూరం మీది ఘాతం 2 నుంచి యాభయ్యో వంతుకు మించి తేడాగా ఉండదని తేల్చాడు. ఆయన దీనిని ప్రచురించలేదు. కూలుంబ్ సన్నని తీగకు వేలాడదీసిన త్రాసుతో 1785లో బలాన్ని నేరుగా కొలిచి పేరు పొందాడు. కావెండిష్ కాగితాలను మాక్స్‌వెల్ 1879లో అచ్చువేయించాకే లోకానికి ఆ సంగతి తెలిసింది. విలియమ్స్, ఫాలర్, హిల్ అనే ముగ్గురు ఇదే సూత్రం మీద 1971లో చేసిన ప్రయోగంలో, ఘాతానికి 2తో తేడా ఏదైనా ఉంటే అది 10⁻¹⁵ స్థాయి లోపలే ఉండాలని తేలింది.

బలాన్ని కొలవడం కంటె, బలం లేకపోవడాన్ని పరీక్షించడం ఇంత ఎక్కువ ఖచ్చితత్వాన్ని ఇవ్వడం నన్ను ఇప్పటికీ కదిలిస్తుంది.

కరెంటు_ఇంజినీరు

ప్రయోగశాల_మూల గారి సవరణ సరైనది, పనిలో కూడా ఇదే ఎదురవుతుంది. ఒక చోట సున్నితమైన కొలత పరికరానికి వెళ్ళే తీగ మీద లోహపు అల్లిక ఉన్నది గాని, దానిని ఎవరూ భూమికి కలపలేదు. పక్కనుంచి మనిషి నడిచి వెళ్ళినప్పుడల్లా అంకెలు మారేవి. అల్లిక ఎక్కడా కలపకుండా తేలుతూ ఉంటే, బయటి ఆవేశాన్ని బట్టి దాని పొటెన్షియల్ (వోల్టుల్లో కొలిచే విద్యుత్ స్థాయి) మారుతుంది, దానితో పాటు లోపలి తీగ పొటెన్షియల్ కూడా మారుతుంది. అల్లికను ఒక చివర భూమికి కలపగానే అంకెలు నిలకడగా నిలిచాయి.

మౌనపాఠకురాలు

విద్యుద్బలం గురుత్వాకర్షణ కంటె ఎన్నో రెట్లు బలమైనదని అంటారు. అలాంటప్పుడు మన చుట్టూ ఉన్న వస్తువుల మధ్య గురుత్వాకర్షణ అయినా కనిపిస్తున్నది గాని, విద్యుద్బలం ఎందుకు కనిపించదు?

శూన్యస్థలం

రద్దు కావడం వల్ల. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్, ఎలక్ట్రాన్‌ల మధ్య విద్యుదాకర్షణ వాటి గురుత్వాకర్షణ కంటె సుమారు 2.3 × 10³⁹ రెట్లు ఎక్కువ. రెండూ దూరపు వర్గం చొప్పునే తగ్గుతాయి కాబట్టి ఈ నిష్పత్తి దూరంతో మారదు. అయితే ద్రవ్యరాశిలో ఒకే రకం ఉంది, ఆవేశంలో రెండు రకాలున్నాయి. పెద్ద వస్తువులో ద్రవ్యరాశులు కూడుకుంటూ పోతాయి, ఆవేశాలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి.

ఆ రద్దు ఎంత పకడ్బందీగా ఉన్నదో చూడాలంటే ఒక ఘన సెంటీమీటరు రాగిని తీసుకోండి. అందులో స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు సుమారు 8.5 × 10²² ఉంటాయి, వాటి మొత్తం ఆవేశం దాదాపు 13,600 కూలుంబ్‌లు. వాటన్నింటినీ రాగి నుంచి విడదీసి ఒక మీటరు దూరంలో పెట్టగలిగితే, వాటికీ మిగిలిన రాగికీ మధ్య ఆకర్షణ సుమారు 1.7 × 10¹⁸ న్యూటన్లు అవుతుంది. అందుకే ఎవరూ వాటిని విడదీయలేరు. రుద్దిన కడ్డీ మీద మనం చూసేది ఆ మహాసమతుల్యంలో అతి స్వల్పమైన తేడాను మాత్రమే.

మౌనపాఠకురాలు గారు అన్న మాటలో ఒకటి మాత్రం ఒప్పుకోలేను. విద్యుద్బలం కనిపించడం లేదనడం సరికాదు. బల్ల మీద పెట్టిన వస్తువును బల్ల మోస్తున్నదంటే, తాడు తెగకుండా ఉన్నదంటే, అవన్నీ అణువుల స్థాయిలో విద్యుద్బలాలే. ఎలక్ట్రాన్ల క్వాంటం ప్రవర్తన వాటికి తోడుగా ఉంటుంది.

పాతనోట్సు

ఆలస్యం గురించి శూన్యస్థలం గారు రాసిన దానిని మళ్ళీ చదివాను. అక్కడ ఒక సంగతి తేలవలసి ఉన్నది. దూరంగా ఉన్న ఆవేశం మీది బలం ఆలస్యంగా మారుతుందంటే, ఆ మధ్యకాలంలో రెండు బలాలూ సమానంగా, వ్యతిరేకంగా ఉండవు. న్యూటన్ మూడో నియమం ఏమవుతుంది? మధ్యలో క్షేత్రాన్ని తీసుకురాకుండా, ‘ఆలస్యంగా పనిచేసే బలం’ అని రాసుకొని ఊరుకోవచ్చు కదా.

శూన్యస్థలం

మంచి అభ్యంతరం. ఆలస్యపు బలం అని రాసుకుంటే లెక్కలు నడుస్తాయి. నడవనిది ఖాతా. రెండు ఆవేశాల ద్రవ్యవేగాలను (ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేవి) మాత్రమే కూడితే ఆ మధ్యకాలంలో మొత్తం నిలకడగా ఉండదు. క్షేత్రానికి కూడా ద్రవ్యవేగం ఉన్నదని ఒప్పుకొని దానిని కలిపితే మొత్తం మారకుండా నిలుస్తుంది. కాబట్టి మూడో నియమాన్ని రెండు ఆవేశాల మధ్య కాక, ఆవేశానికీ దానిని తాకి ఉన్న క్షేత్రానికీ మధ్య చూసుకోవాలి. శక్తి విషయమూ ఇంతే. సూర్యుడి నుంచి బయలుదేరిన వెలుగు భూమిని చేరడానికి ఎనిమిది నిమిషాలకు పైగా పడుతుంది. వాతావరణం పైఅంచు వద్ద ప్రతి చదరపు మీటరుకూ సెకనుకు సుమారు 1,361 జౌళ్ళు వస్తాయి. సూర్యుడు వాటిని ఎనిమిది నిమిషాల ముందే పోగొట్టుకున్నాడు, భూమి ఇంకా అందుకోలేదు. దారిలో ఆ శక్తి ఎవరి దగ్గర ఉన్నట్టు? విద్యుత్ క్షేత్రం, దానితో కలిసి ప్రయాణించే అయస్కాంత క్షేత్రం తప్ప అక్కడ మరేమీ లేదు.

పాతనోట్సు

వెలుగు విషయంలో అంగీకరిస్తాను. నిశ్చల ఆవేశాల విషయంలో శక్తి ఆవేశాల దగ్గర ఉన్నదన్నా, చుట్టూ ఉన్న స్థలంలో ఉన్నదన్నా తేడా పడే కొలత ఏదీ లేదన్న నా మాట మాత్రం అలాగే ఉంటుంది.

జిజ్ఞాసువు

ఆ రెండు లెక్కలూ నిజంగా కలుస్తాయా అని చేసి చూశాను. 10 సెంటీమీటర్ల వ్యాసార్థం గల లోహపు గోళాన్ని తీసుకున్నాను. పొడిగాలి సుమారు మీటరుకు 30 లక్షల వోల్టుల క్షేత్రం వరకు తట్టుకుంటుందని, అది దాటితే ఆవేశం గాలిలోకి పోతుందని పుస్తకంలో ఉన్నది. గోళం ఉపరితలం వద్ద అంతే క్షేత్రం ఉండాలంటే దాని మీద దాదాపు 3.3 మైక్రోకూలుంబ్‌ల ఆవేశం పడుతుంది, పొటెన్షియల్ 3 లక్షల వోల్టులు అవుతుంది. ఆవేశాన్ని పొటెన్షియల్‌తో గుణించి సగం చేస్తే శక్తి సుమారు 0.5 జౌలు. తరువాత గోళం బయట ప్రతి ఘనపు మీటరులోనూ క్షేత్రపు వర్గానికి అనులోమంగా శక్తి ఉన్నదని తీసుకొని, గోళం ఉపరితలం నుంచి అనంతం వరకు కూడాను. ఉపరితలం దగ్గర ఘనపు మీటరుకు సుమారు 40 జౌళ్ళు వస్తున్నాయి, దూరం పోయేకొద్దీ అది దూరపు నాలుగో ఘాతం చొప్పున వేగంగా తగ్గుతున్నది. మొత్తం కూడిక మళ్ళీ 0.5 జౌలే. ఇంత పెద్ద గోళం మీద మూడు మైక్రోకూలుంబ్‌లకు మించి నిలవకపోవడం నన్ను ఆశ్చర్యపరచింది. ఒక కూలుంబ్ నిలవాలంటే ఎంత గోళం కావాలి?

రేఖాగణితం

లెక్క సరిగ్గా ఉన్నది. ఉపరితల క్షేత్రం అదే ఉంచితే ఆవేశం వ్యాసార్థపు వర్గం చొప్పున పెరుగుతుంది. ఒక కూలుంబ్ అంటే మీ ఆవేశానికి మూడు లక్షల రెట్లు, కాబట్టి వ్యాసార్థం సుమారు 550 రెట్లు, అంటే దాదాపు 55 మీటర్లు కావాలి. పుస్తకాల్లో ‘ఒక కూలుంబ్ బిందు ఆవేశాన్ని తీసుకొనుము’ అని మొదలయ్యే లెక్కలు చేసేటప్పుడు ఈ అంకె గుర్తుంటే మంచిది.

కరెంటు_ఇంజినీరు

గోళాన్ని ఎంత జాగ్రత్తగా చేసినా దాని మీద ఒక మొన గాని, గరుకు అంచు గాని ఉంటే మీ 3 లక్షల వోల్టుల వరకు అది పోదు. విడిగా ఉన్న గోళం ఉపరితల క్షేత్రం, పొటెన్షియల్‌ను వ్యాసార్థంతో భాగిస్తే వస్తుంది. ఒక మిల్లీమీటరు వ్యాసార్థం గల చిన్న గోళానికి ఇదే లెక్క వేస్తే 3 వేల వోల్టుల దగ్గరే గాలి హద్దు వస్తుంది. అంత చిన్న వ్యాసార్థాల వద్ద బలమైన క్షేత్రం చాలా పలుచని పొరలోనే ఉంటుంది కాబట్టి, గాలి తట్టుకోలేకపోవడానికి నిజానికి ఇంకొంత ఎక్కువ వోల్టేజి కావాలి. అయినా పెద్ద గోళం కంటె మొన ఎంతో ముందుగానే ఆవేశాన్ని గాలిలోకి వదలడం మొదలుపెడుతుంది. అధిక వోల్టేజి పరికరాల్లో కలయికల చుట్టూ గుండ్రని లోహపు వలయాలు బిగించడం ఈ కారణం చేతనే. అంచు వ్యాసార్థం పెరిగితే అక్కడి క్షేత్రం తగ్గి, గాలి తట్టుకునే హద్దు లోపల ఉంటుంది.